ఖజానా వయసు

వేంపల్లె నుంచి రాయచోటి దారి పట్టుకుని పోతే, పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటపడే చోటు గండి. శ్రావణ శనివారాల్లో వీరాంజనేయస్వామి కోసం జనం విరగబడే ఆ చోట ఈ కొండకూ ఆ కొండకూ నడుమ వాయుదేవుడు రాముడి కోసం కట్టిన బంగారు తోరణం ఉందని మా వైపు చెప్పుకుంటారు. అది మామూలు కంటికి ఆనదట. ఆనిందంటే ఆ మనిషికి నూకలు చెల్లినట్టేనట. సర్ థామస్ మన్రోకు అది కనిపించిందనీ, కొద్ది కాలానికే పోయాడనీ కథ. కడప జిల్లా గెజిటీరులోకి కూడా ఎక్కిన కథ ఇది.

తోరణం సంగతి గండి ఆంజనేయుడికే తెలియాలి. రుజువున్న భాగం వేరే ఉంది, నాకు అదే ఎక్కువ ఆసక్తి. 1827 నాటికి మన్రో మద్రాసు గవర్నరు. 1780లో కుర్ర సిపాయి అధికారిగా ఓడ దిగినవాడు, 47 ఏళ్ల సర్వీసు. నన్ను తప్పించండి, ఇంటికి పోతాను అని ఈస్టిండియా కంపెనీకి ఎప్పుడో రాసుకున్నాడు. బర్మా యుద్ధం అడ్డం వచ్చింది, ఆ తర్వాత రావలసిన కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. ఆ సందులో, తాను 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఏలిన ఈ సీడెడ్ జిల్లాలను చివరిసారి చూసి పోదామని బయలుదేరి, జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. వయసు 66. రిలీవరు రాక సీట్లో ఇరుక్కుపోయిన ఉద్యోగి బాధ ఏమిటో మన ఆఫీసుల్లో ఎవరినడిగినా చెబుతారు. మన్రోది దానికి పరాకాష్ఠ.

ఆయన కాలంలో ఫలానా ఏటికి దిగిపోవాలన్న లెక్క లేదు. ఒళ్లు మొరాయించినప్పుడో, ఇంటి మీదికి మనసు మళ్లినప్పుడో అడగాలి, పైవాడు ఒప్పుకోవాలి. తర్వాత లెక్క వచ్చింది. 55, 58, మళ్లీ 55, మళ్లీ 58, ఆపైన 60, ఇప్పుడు 62. ఈ రెండు వందల ఏళ్లను వెనక్కి తిరిగి చూస్తే నాకు తోచేది ఒకటే. ఈ అంకెల్లో ఒక్కటీ మనిషి మోకాళ్లను చూసో, కళ్లను చూసో వేసింది కాదు. ఖజానా ఎంత నిండుగా ఉంది, బయట నిలబడిన నిరుద్యోగుల వరుస ఎంత పొడుగుంది, పై ఎన్నికకు ఎన్నాళ్లుంది, వీటిని చూసి వేసినవి. పెన్షన్ కూడా అంతే. అది ఖజానా రాసిచ్చే మాట. మాట మార్చడానికి కలం కూడా ఖజానా దగ్గరే ఉంటుంది. ఈ వేంపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఈ సత్యం ఎంత పాతదో చెబితే ఆశ్చర్యంగా ఉంటుంది.

1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ధారపోసినప్పుడు మన్రోకు ఎదురైన పెద్ద తలనొప్పి పాలెగాళ్లు. ఎనభై మంది దాకా ఉన్నారు, తలా ఒక కోట, కట్టుబడి బంట్లు. మన్రో కొందరిని తరిమాడు, కొందరి కోటలు పడగొట్టించాడు, మిగిలినవాళ్లకు పాలెం తీసుకుని నెలనెలా ఇంత అని భరణం కట్టాడు. మన ప్రాంతంలో సర్కారు పెన్షన్ అనేది ఇలా పుట్టింది. సేవ చేసినందుకు కాదు, కత్తి దించినందుకు. పాలెగాడు పోతే కొడుక్కి ఎంత, వారసుడు లేకపోతే ఎవరికి, దాయాదుల వాటా ఎంత అన్న పేచీలు ఆ రోజునే మొదలయ్యాయి.

ఆ పేచీల్లో ఒకటి ఉరికంబం దాకా పోయింది. కోవెలకుంట్ల తాలూకా అప్పుడు కడప కలెక్టరు కింద ఉండేది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తండ్రి వైపు నుంచి వచ్చే భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఆయనకు తాత వరస. ఆ నొస్సం భరణంలో తమకు హక్కుందని ఈ కుటుంబం అడిగింది. వారసుడు లేడు కాబట్టి అది రద్దయిపోయిందని కంపెనీ చెప్పింది. దానికి తోడు కట్టుబడి బంట్ల ఇనాములు కూడా లాగేసుకోవడంతో ఊళ్లు రగిలి ఉన్నాయి. 1846 జూలైలో నరసింహారెడ్డి మనుషులతో వచ్చి పడింది ఎక్కడనుకున్నారు? కోవెలకుంట్ల ఖజానా మీద. కడప కలెక్టరు కాక్రేన్ సైన్యాలను దించాడు, కొండల్లో తరిమి పట్టుకున్నారు, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో వేల మంది చూస్తుండగా ఉరి తీశారు. తల చాలా ఏళ్లు కోట గుమ్మానికి వేలాడింది.

స్వాతంత్ర్య పోరాటంలో ఈ తిరుగుబాటు స్థానమేమిటన్న వాదన చరిత్రకారులు చేసుకుంటారు. నేను చూసేది కాగితం వైపు నుంచి. సర్కారు ఒకనాడు కట్టిన భరణాన్ని ఇంకొకనాడు నిబంధన చూపించి కోసింది. అడిగినవాడికి పోవడానికి కోర్టు లేదు. ఆ తర్వాత పాతికేళ్లకు కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక చేసిన 1871 పెన్షన్ల చట్టం ఆ తలుపును అధికారికంగానే మూసింది. సర్కారు భరణం మీద దావా వేయాలంటే ముందు కలెక్టరు సర్టిఫికెట్టు ఇవ్వాలి, లేకపోతే సివిల్ కోర్టు ఆ దావా ముట్టుకోదు. అదే చట్టంలో ఒక మంచి ముక్క కూడా ఉంది. అప్పులవాడు కోర్టుకు పోయి పెన్షన్ జప్తు చేయించలేడు. ప్రొద్దుటూరు షావుకార్ల చేతికి చిక్కని ఆస్తి ఈ జిల్లాలో అదొక్కటే అనుకోవచ్చు.

అదే కాలంలో ఊళ్లో ఇంకొక రకం ఉద్యోగి ఉండేవాడు. కరణం, మునసబు. వాళ్లకు పెన్షన్ లేదు, రిటైర్మెంటూ లేదు. తాత రాసిన అడంగల్ తండ్రి, తండ్రి రాసింది కొడుకు. పోయేదాకా కరణమే, పోయాక ఆ ఇంటి పిల్లవాడు కరణం. మిరాశీ, ఇనాం భూములు, పంటలో మేర, ఇవే జీతం. మీద దొర మాత్రం తన పెన్షన్ సంగతి చక్కగా చూసుకున్నాడు. ఐసీఎస్ అధికారికి చివరి హోదా ఏదైనా ఏటా వెయ్యి పౌండ్లు. చాలాకాలం పాటు దానికోసం అతని జీతంలో 4 శాతం కోసేవాళ్లు కూడా. ఉద్యోగి చందా కట్టి పెన్షన్ తెచ్చుకోవడం 2004 పెన్షన్ పథకం కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

55 అన్న అంకె దేశీ గుమాస్తాల కోసం నిలబడింది. 1922లో వచ్చిన ఫండమెంటల్ రూల్స్‌లో 56వ నిబంధన దాన్ని రాసి పెట్టింది. జర్మనీలో బిస్మార్క్ 1889లో తెచ్చిన వృద్ధాప్య పెన్షన్‌కు పెట్టిన వయసు 70. దాన్ని 65కు దించింది 1916లో, ఆయన పోయి ఎన్నో ఏళ్లయ్యాక. మన దేశంలో 1951 నాటికి కూడా పుట్టిన బిడ్డ సగటు ఆయుర్దాయం 32 ఏళ్లకు అటూ ఇటూ. పసిపిల్లల చావులు ఆ సగటును కిందికి లాగుతాయి, ఉద్యోగంలో చేరినవాడు అంతకన్నా ఎక్కువే బతుకుతాడు, నిజమే. అయినా 55కు దిగిన గుమాస్తా పదేళ్లు పెన్షన్ తీసుకుంటే గొప్పే. ఖజానాకు అది చవక బేరం. ఇప్పుడు సగటు 70 అయింది. 60కి దిగిన టీచరు ఇరవై ఏళ్లు, ఆమె పోతే భర్త ఇంకో అయిదేళ్లు తీసుకుంటారు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు. మనుషులు బతకడం నేర్చుకున్నారు, లెక్క తప్పింది.

కేంద్రం 1962 చివర్లో 55ను 58 చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆ పని చేయడానికి 1979 దాకా ఆగింది, చెన్నారెడ్డి హయాం. 1980 పెన్షన్ నిబంధనలూ ఆ కాలానివే. 33 ఏళ్ల సర్వీసు నిండితే చివరి జీతంలో సగం, కొంత కమ్యూట్ చేసుకుంటే చేతికి ఒక మొత్తం, గ్రాట్యుటీ, పోయాక ఇంటావిడకు ఫ్యామిలీ పెన్షన్. పిల్ల పెళ్లి, కడపలో ఇల్లు, తిరుమల మొక్కు, అన్నీ ఈ డబ్బు మీదే లెక్క కట్టుకున్న తరం అది.

1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షన్ సర్కారు దయతో వేసే బిచ్చం కాదు, చేసిన పనికి వాయిదా పడిన ప్రతిఫలం, ఫలానా తారీఖుకు ముందు దిగినవాళ్లకు ఒక లెక్క, తర్వాత దిగినవాళ్లకు ఒక లెక్క అనడానికి లేదు అన్నది దాని సారం. ఆ తారీఖునే ఇవాళ్టికీ పెన్షనర్లు తమ దినంగా జరుపుకుంటారు. దండలు, శాలువాలు, ఉపన్యాసాలు. ఆ తీర్పు సిరా ఆరకముందే మన రాష్ట్రంలో ఏం జరిగిందో మాత్రం ఆ సభల్లో పెద్దగా ఎవరూ తలుచుకోరు.

1983 జనవరి 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. ఫిబ్రవరి 8న జీవో. ఉద్యోగుల రిటైర్మెంటు వయసు 58 నుంచి 55. అమలు ఆ నెలాఖరు నుంచే. అంటే 55 దాటి, ఇంకా మూడేళ్లుందనుకున్న ప్రతి మనిషికీ చేతిలో మిగిలింది ఇరవై రోజులు. ఫిబ్రవరి 28 సాయంత్రం 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఒకేసారి ఇంటికి. తాలూకాఫీసుల్లో, స్కూళ్లలో, పీడబ్ల్యూడీలో చార్జి అప్పగించుకునేవాడు కూడా దొరకని సాయంత్రం. కారణం చదువుకున్న కుర్రాళ్లకు ఉద్యోగాలు. అప్పటి నిరుద్యోగం అబద్ధం కాదు, ఆ మాటలో నిజాయితీ లేదని నేననను. కానీ మూడేళ్ల జీతం లెక్క మీద అప్పు చేసినవాడికి ఇరవై రోజుల గడువు ఇవ్వడం పరిపాలన కాదు, సినిమా క్లైమాక్స్.

ఆ తర్వాత జరిగింది ఇంకా సినిమాలా ఉంటుంది. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దించి నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కాడు. వారం తిరగ్గానే, ఆగస్టు 23న, వయసు మళ్లీ 58 అయింది. ఎమ్మెల్యేల లెక్కే తేలని ఆ నెల రోజుల ప్రభుత్వం దేన్ని గెలుచుకోవాలని ఆ పని చేసిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సెప్టెంబరులో ఎన్టీఆర్ తిరిగి వచ్చాడు. వచ్చి 58ని మాత్రం ముట్టుకోలేదు.

మరి ఆ పద్దెనిమిది నెలల నడుమ ఇంటికి పోయినవాళ్ల సంగతి? ముందూ వెనకా అందరికీ 58, వీళ్లకు మాత్రం 55. ఏం పాపం చేశారని? తగ్గింపును సవాలు చేసిన కె. నాగరాజ్ కేసులో 1985 జనవరి 18న సుప్రీంకోర్టు వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందనే తేల్చింది. అప్పటికే ఆ తగ్గింపు బతికి లేదు. అదే ఏడాది ఆగస్టులో బి. ప్రభాకరరావు కేసు వచ్చింది. బెంచి మీద జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి, మన పక్క జిల్లా గుత్తిలో పుట్టినవాడు. 1983 ఫిబ్రవరి 28కీ 1984 ఆగస్టు 23కీ మధ్య దింపేసినవాళ్లను విడదీసి చూడటం కుదరదు, 58 నిండనివాళ్లను తిరిగి తీసుకోవాలి అని తీర్పు. ఇంటి దగ్గర కూర్చుని సేద్యంలో పడిపోయినవాళ్లు మళ్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు పోయారు. ఒకటి గమనించాలి. ఆ బెంచి మీద వాళ్ల రిటైర్మెంటు వయసు 65 అని రాజ్యాంగమే రాసింది. దాన్ని ఏ ముఖ్యమంత్రీ ఫిబ్రవరి జీవోతో కదిలించలేడు.

ఇదే ఎన్టీఆర్ 1984 జనవరి 6న కరణం, మునసబు పదవులను ఒక్క ఆర్డినెన్సుతో ఊడ్చేశాడు. వయసు లెక్కలేని ఆఖరి సర్కారు కొలువు అలా పోయింది. కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. వంశపారంపర్యం పోవలసిందే, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. కాకపోతే తరతరాలుగా ఊరి లెక్క తలలో పెట్టుకున్నవాడు రికార్డు మూట తాసిల్దారుకు అప్పజెప్పి ఖాళీ చేతులతో ఇంటికి నడిచాడు. సరిహద్దు తగాదాల్లో ఆ తలలోని లెక్క లేని లోటు పల్లెలకు చాలా ఏళ్లు తెలిసొచ్చింది.

వయసు సంగతి చెబుతూ పుట్టిన తేదీ సంగతి వదిలేయకూడదు. మా తరం వరకు పల్లెలో పుట్టిన తేదీ అమ్మ చెప్పింది కాదు, అయ్యవారు వేసింది. బడిలో చేర్చేరోజు అయిదేళ్లు నిండాలి కాబట్టి జూలై 1 వేసేవారు. ఆ ఒక్క గీత ఎస్సెస్సీ సర్టిఫికెట్టుకు, అక్కణ్నుంచి సర్వీసు రిజిస్టరుకు ఎక్కేది. అందుకే ప్రతి జూన్ 30న అన్ని ఆఫీసుల్లో అన్ని సన్మానాలు. ఒకటో తారీఖున పుట్టినవాడు ముందు నెలాఖరుకే దిగాలన్నది రూలు మరి. 1984లోనే పుట్టిన తేదీ మార్పులను కట్టడి చేస్తూ నిబంధనలు వచ్చాయి. సర్వీసు చివర్లో జాతకం తెచ్చి చూపించే దారి మూసుకుపోయింది.

విమానాల వైపు ఒకసారి చూడాలి. వయసు అంకెకు సైన్సు దుస్తులు తొడిగింది అక్కడే. అమెరికాలో 1959లో విమానయాన శాఖ అధిపతి ఎల్వుడ్ క్వెసాడా పైలట్లకు 60 దాటితే ప్రయాణికుల విమానం నడపకూడదన్న నిబంధన తెచ్చాడు. గుండెపోట్లు, చూపు, జెట్ విమానాల వేగం అంటూ వైద్య కారణాలు చెప్పారు. ఆ ఏడాదే అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధినేత సి.ఆర్. స్మిత్ తమ ముసలి పైలట్లను దింపడానికి సాయం చేయమని ఆయనకు రాసుకున్నాడు. పదవి దిగాక క్వెసాడా అదే కంపెనీ డైరెక్టర్ల బోర్డులో కూర్చున్నాడు. సైన్సు అంటే నాకు గౌరవం ఉంది. దాన్ని ఎవరు పిలిచారు, ఎందుకు పిలిచారు అన్నది కూడా అడగాలి.

ఆ 60 దాదాపు అర్ధశతాబ్దం నిలిచింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2006లో 65కు పెంచాక, 2007 డిసెంబరులో అమెరికా కూడా చట్టం మార్చింది. ఈలోపు పెద్ద అన్యాయం ఒకటి జరిగింది. 2005లో దివాళా కోర్టు అనుమతితో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన పెన్షన్ పథకాలను వదిలేసింది, ప్రభుత్వ పెన్షన్ బీమా సంస్థ వాటిని నెత్తికెత్తుకుంది. ఆ సంస్థ పూర్తి గ్యారంటీ ఇచ్చేది 65 ఏళ్లకు దిగినవాళ్లకు. అంతకు ముందే దిగితే కోత. పైలట్‌ను 60కే దిగమన్నది ప్రభుత్వ నిబంధన, ముందుగా దిగావు కాబట్టి తగ్గిస్తామన్నదీ ప్రభుత్వ నిబంధనే. లక్షల జీతం తీసుకున్నవాళ్ల మీద జాలెందుకు అనుకోవచ్చు. నొస్సం భరణం కోసిన చేతికీ ఈ చేతికీ తేడా ఏమిటో మాత్రం నాకు తెలియడం లేదు.

మన దగ్గర ఎయిరిండియా పైలట్‌కు లైసెన్సు 65 దాకా చెల్లుతుంది, సర్వీసు నిబంధన 58కే దింపేది. దిగినవాణ్నే కాంట్రాక్టు మీద తిరిగి తీసుకునేవారు. 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లాక కూడా అదే పద్ధతి నడిచింది. అదే సంస్థలో ఎయిర్ హోస్టెస్‌ల సంగతి ఒకప్పుడు ఇంకా ఘోరంగా ఉండేది. 35 ఏళ్లు, లేదా తొలి గర్భం, ఏది ముందయితే అది. గర్భం వస్తే తీసేయడాన్ని సుప్రీంకోర్టు 1981లో నర్గేశ్ మీర్జా కేసులో కొట్టేసింది గానీ, 35ను మాత్రం ఉంచింది. కడపకు 2015 జూన్ నుంచి విమానాశ్రయం ఉంది. అయినా మా ఊరికి తెలిసిన పైలట్లు పులివెందుల, ప్రొద్దుటూరు డిపోల ఆర్టీసీ డ్రైవర్లే. వాళ్లకూ కంటి పరీక్షలున్నాయి, ఫెయిలైతే స్టీరింగ్ దిగాలి. వాళ్ల పెన్షన్ మాత్రం ఈపీఎఫ్ లెక్క. 15 వేల జీతం సీలింగు మీద 35 ఏళ్లు చేసినా సూత్రం ప్రకారం వచ్చేది 7,500 రూపాయలు. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపారు. జీతం ట్రెజరీ నుంచి వస్తోంది, పాత పెన్షన్ కోరిక కోరికగానే ఉంది.

ఇక మన ఇంటి కథకు వద్దాం. కేంద్రంలో వాజపేయి ప్రభుత్వం 2004 జనవరి 1 నుంచి చేరే ఉద్యోగులకు పాత పెన్షన్ ఎత్తేసి కొత్త పథకం పెట్టింది. ఉద్యోగి మూలవేతనం, డీఏలో 10 శాతం, సర్కారు మొదట్లో 10 శాతం, ఆ డబ్బు మార్కెట్లో పెరుగుతుంది. దిగేనాటికి పోగైనదాంట్లో 60 శాతం వరకు చేతికి, కనీసం 40 శాతంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ. ఎంత వస్తుందో ఎవరూ ముందు చెప్పరు. అదే ఏడాది మే 14న పులివెందుల బిడ్డ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. సెప్టెంబరు 22న 653, 654, 655 నంబర్ల జీవోలు వచ్చాయి, సెప్టెంబరు 1 నుంచే అమలు. కంట్రిబ్యూటరీ పెన్షన్ పథకం, సీపీఎస్, అలా వచ్చింది. రాష్ట్రాల్లో తమిళనాడు అంతకు ముందే ఆ దారి పట్టింది, పశ్చిమ బెంగాల్ ఎన్నడూ పట్టలేదు. మనం మధ్యలో అందరితో పాటు నడిచాం. ఉచిత కరెంటు, రుణమాఫీలంటూ ఊరంతా మారుమోగుతున్న ఆ ఏడాది, ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాతి ముసలితనం గురించి వచ్చిన మూడు జీవోలను ఎవరు చదువుతారు? అప్పటికి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు నష్టం లేదు, సంఘాల నాయకులు వాళ్లే. నష్టపోయేవాళ్లు ఇంకా ఉద్యోగంలో చేరనేలేదు. ఏ సంస్కరణ అయినా నిశ్శబ్దంగా సాగాలంటే ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు.

మధ్యలో చిక్కుకుపోయినవాళ్లు 2003 డీఎస్సీ టీచర్లు. నోటిఫికేషన్ 2003లో, అప్పటికి పాత పెన్షనే. పోస్టింగ్ 2005లో, అప్పటికి సీపీఎస్. ఆలస్యం సర్కారుది, ఫలితం వీళ్లది. తన ఉద్యోగుల్లో ఇలాంటివాళ్లకు కేంద్రం 2023 మార్చిలో ఒక మెమో ఇచ్చి పాత పెన్షన్‌కు దారి తెరిచింది. ఆ మెమో కాపీ పట్టుకుని మన టీచర్లు అడుగుతూనే వచ్చారు.

2014 జూన్ 8న చంద్రబాబు విభజిత రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన తొలి సంతకాల్లో ఒకటి వయసును 60 చేయడం. తెలంగాణ 2021 దాకా 58లోనే ఉండి, ఒక్కసారి 61కి ఎగిరింది. ఈ పెంపులకు అర్థం ఖజానా లెక్కలో ఉంటుంది. రెండేళ్లు పెంచితే రెండేళ్ల పాటు గ్రాట్యుటీలు, కమ్యుటేషన్లు, సెలవుల డబ్బు ఏవీ ఇవ్వక్కర్లేదు. ఇచ్చేది జీతమే, అది ఎలాగూ ఇస్తున్నదే. బాకీ పోదు, పై ప్రభుత్వం మీదికి జరుగుతుంది. తెలంగాణలో మూడేళ్ల విరామం తర్వాత 2024లో రిటైర్మెంట్లు ఒక్కసారిగా తిరిగి మొదలైనప్పుడు ఆ జరిపిన బాకీ ఎంత బరువో తెలిసింది.

వేంపల్లె మండలంలోని ఇడుపులపాయ నుంచి 2017 నవంబరు 6న జగన్మోహనరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టారు. ఆ నడకలో ఇచ్చిన హామీల్లో ఒకటి, అధికారంలోకి వచ్చిన వారంలో సీపీఎస్ రద్దు. తండ్రి హయాంలో వచ్చిన జీవోను కొడుకు చింపుతానన్నారు. సీపీఎస్ ఉద్యోగులు నమ్మారు, మా మండలంలో నమ్మనివాళ్లెవరు? 2019 మే 30న ప్రమాణస్వీకారం. వారం పోయింది, ఏడాది పోయింది. కమిటీలు వేశారు. సాంకేతిక సంగతులు తెలియక ఇచ్చిన మాట అని 2021 చివర్లో ప్రభుత్వ పెద్దలే అన్నారు.

2022 జనవరిలో జీతం గొడవ, వయసు పెంపు రెండూ కలిసి వచ్చాయి. 11వ వేతన సవరణ (పీఆర్సీ)లో ఫిట్‌మెంట్ 23 శాతం, అప్పటిదాకా తీసుకుంటున్న మధ్యంతర భృతి 27. జీతం పెరుగుతుందనుకుంటే తగ్గింది. దాంతో పాటే, అడగని వరం ఒకటి, రిటైర్మెంటు వయసు 62. గ్రాట్యుటీ గరిష్ఠం 12 లక్షల నుంచి 16 లక్షలకు పెంచారు. పెంచిన గ్రాట్యుటీ అందుకునేవాళ్లు రెండేళ్ల పాటు దాదాపు ఎవరూ ఉండరు కదా అని ఎన్జీవో హోమ్‌ల ముందు నవ్వుకున్నారు. డెబ్బై దాటిన పెన్షనర్లకు వచ్చే అదనపు శాతాన్ని కూడా మొదట కోశారు. 2022 ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లు ఉద్యోగులతో నిండిపోయాయి. పోలీసు నాకాలు దాటుకుని, మారువేషాల్లో, పెళ్లివారిలా బస్సుల్లో చేరారు. ఆ తర్వాతి చర్చల్లో 70కి 7 శాతం, 75కి 12 శాతం తిరిగి వచ్చింది. 62 మాత్రం కదల్లేదు. ఎన్టీఆర్ 55 అన్నప్పుడు కుర్రాళ్ల పేరు చెప్పారు. 62 అన్నప్పుడు అనుభవం పేరు చెప్పారు. ఇప్పుడు కుర్రాళ్లు లేరా? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఏటా ఇంజినీర్లు బయటికి వస్తూనే ఉన్నారు.

సీపీఎస్‌కు బదులు గ్యారంటీడ్ పెన్షన్ పథకం, జీపీఎస్ అన్నారు. ఉద్యోగి 10 శాతం కట్టడం ఆగదు, కానీ చివరి మూలవేతనంలో సగానికి తగ్గకుండా సర్కారు హామీ. 2023 సెప్టెంబరులో అసెంబ్లీ చట్టం చేసింది. సంఘాలు ఒప్పుకోలేదు, పాతదే కావాలన్నాయి. నాకైతే హామీ లేని సీపీఎస్ కన్నా ఇది మెరుగే. పాతదానికి సాటి రాదు, నిజమే. 2024 ఆగస్టులో కేంద్రం కూడా దాదాపు ఇదే రూపంలో ఏకీకృత పథకం ప్రకటించి 2025 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టింది. పులివెందులలో పుట్టిన ఆలోచనను ఢిల్లీ ఎత్తుకుందని మావాళ్లు అంటే పూర్తిగా కాదనలేను. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, పంజాబ్, హిమాచల్ ఆ నడుమనే పాత పెన్షన్‌కు తిరిగి పోతామన్నాయి.

ఉద్యోగుల గొడవలో ఊరు మరిచిపోతుంది. ఒకటో తారీఖు తెల్లారేసరికి వేంపల్లె వీధుల్లో తలుపులు తట్టేది ట్రెజరీ పెన్షన్ కాదు, ముసలివాళ్ల పింఛను. కేంద్రం 1995లో మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. రాజశేఖరరెడ్డి కాలంలో 200, 2014లో వెయ్యి, 2019 ఎన్నికల ముందు రెండు వేలు, జగన్ విడతలు విడతలుగా మూడు వేలు, 2024 జూలైలో నాలుగు వేలు. ఈ పింఛనుకు వయసు ఒకప్పుడు 65, 2019లో 60కి దించారు. ఇందులోనే ఒక చిత్రం ఉంది. చేనేత మనిషికి 50కే పింఛను. సంప్రదాయ చెప్పులు కుట్టేవాడికి 40కే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల గుంటల్లో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి 50కి ముసలివాడవుతాడని ప్రభుత్వమే రాసింది. అదే ప్రభుత్వం పక్క వీధి హెడ్మాస్టరుకు 62 దాకా సత్తువ ఉందని రాసింది. ఆకాశంలో నూట యాభై మందిని మోసేవాడికి 65. మొత్తం రెండు వందల ఏళ్లలో మనిషి ఒంటిని చూసి వేసిన అంకె ఏదైనా ఉందంటే, అది మగ్గం మనిషికి వేసిన 50. అయినా అతనికి దక్కేది చివరి జీతంలో సగం కాదు, అందరితో పాటు ఆ నాలుగు వేలే.

సీపీఎస్ లెక్క ఇంకా అసలు పరీక్షకు రాలేదు. ఇప్పటిదాకా దిగినవాళ్లు వయసు మీరాక చేరి పదీ పదిహేనేళ్లు చేసినవాళ్లు. వాళ్లలో ఒకరికి 40 లక్షలు పోగైందనుకుందాం. అందులో 40 శాతం, 16 లక్షలు, యాన్యుటీకి పోతే, 6 శాతం చొప్పున నెలకు 8 వేలు. అదే హోదాలో పాత పద్ధతిలో దిగిన పక్కింటాయనకు డీఏ పెరిగిన ప్రతిసారీ పెన్షన్ పెరుగుతుంది, ఈ 8 వేలు పెరగవు. 2004లో పాతికేళ్లకు చేరినవాడు 62 నిండి దిగేది 2041లో. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరిన లక్ష మందికి పైగా పిల్లలు దిగేది 2050ల్లో. అప్పటికి జీపీఎస్ ఉంటుందో, కేంద్రం పథకం ఉంటుందో, వయసు 62 ఉంటుందో 65 అవుతుందో, ఆ జీవో మీద సంతకం పెట్టబోయేవాళ్లు ఇప్పుడు ఏ బడిలో చదువుతున్నారో. వేంపల్లె సచివాలయంలో పాతికేళ్ల అమ్మాయి మాత్రం నెలనెలా తన 10 శాతం కడుతూనే ఉంది. ఒకటో తారీఖున నాలుగు వేలు పట్టుకుని ముసలమ్మల తలుపు తట్టేదీ ఆ అమ్మాయే.